ఆపరేషన్ ఆడపడుచు

"నోరు జారితేనో?"

కుర్చీలో సరిగ్గా కూర్చోకముందే ఆమె అడిగిన ప్రశ్న అది.

"మామూలప్పుడైతే జాగ్రత్తగానే ఉంటానండీ. కాలికి మేకు గుచ్చుకుందనుకోండి. మీద బల్లి పడిందనుకోండి. 'ఏవండీ' అనే కదా వచ్చేది నోట్లోంచి? పక్కగదిలో శత్రువు మనిషి ఉంటే? ఇదేంటి, పరాయి మగాణ్ణి పట్టుకుని ఏవండీ అంటోందని పసిగడితే? ఇద్దర్నీ పట్టుకెళ్లి ఉరి తీస్తే? నా కూతురికి ఐదేళ్లండీ. అది ఎవరి దగ్గర పెరగాలి?"

"ఎడమ కన్ను మూసుకో," అన్నాడు కళ్లజోళ్లాయన. "మూడో వరస చదువు."

దేశాన్ని పరాయి దొరలు ఏలుతున్న రోజులు అవి. బజారు మలుపులో ఆ కళ్లజోళ్ల దుకాణం ముందు గదిలో దొరలకీ వాళ్ల గుమాస్తాలకీ అద్దాలు అమ్మేవారు. వెనక గదిలో, అక్షరాల అట్ట ముందు, స్వాతంత్ర్యం కోసం పనిచేసే రహస్య సంఘం తన ఏజెంట్లకి బ్రీఫింగ్ ఇచ్చేది. సంఘం గూఢచారి విభాగానికి ఛీఫ్ కళ్లజోళ్లాయనే. ఆమె ముక్కు మీద పరీక్ష ఫ్రేము పెట్టి, ఒక్కో అద్దం మారుస్తూ ఒక్కో మాట చెప్పాడు.

"పెద్దాయన ఓడెక్కి దేశం దాటాలి. బయటి దేశాల్లో మన తరఫున మాట్లాడగలిగింది ఆయనొక్కడే. ఇప్పుడు కొత్త రూలు, పాస్‌పోర్టు మీద ఫొటో ఉండాలి. అదీ గవర్నమెంటు లైసెన్సున్న స్టూడియోలో తీసిందే. కాబట్టి మనమే స్టూడియో పెడుతున్నాం. ఫొటోగ్రాఫర్ మీ ఆయన. కోడ్ నేమ్ లెన్స్."

"అంతవరకూ బాగానే ఉంది."

"లైసెన్సు రావాలంటే దొరసానులు ఫొటోలకి రావాలి. వాళ్లు రావాలంటే వాళ్ల భాష దంచగల ఆడమనిషి ఉండాలి. నీకొచ్చా?"

"తిట్లొచ్చు."

"అందుకని ఇంకొక ఏజెంటుని రప్పిస్తున్నాం. కోడ్ నేమ్ ఫ్లాష్. గౌను వేస్తే దొరసాని, నోరు తెరిస్తే కోకిల. కవర్ ప్రకారం ఆవిడ మీ ఆయన భార్య."

అద్దం మారింది. అక్షరాలు అలికేసినట్టయ్యాయి.

"నేనింకా బతికే ఉన్నానండీ," అంది ఆమె.

"నువ్వు ఆయన అక్కవి. మొగుడు పోయి తమ్ముడి పంచన చేరినదానివి. కోడ్ నేమ్ ట్రైపాడ్."

"అంటే?"

"మూడు కాళ్ల స్టాండు. కెమెరా బరువంతా మోస్తుంది. ఫొటోలో పడదు."

బతికున్న మొగుడి ముందు మొగుడు పోయిన వేషం! "పోనీ చెల్లెల్ని కాకూడదా? ఆయన కంటే ఆరేళ్లు చిన్నదాన్ని."

"చెల్లెలైతే పెళ్లెందుకు కాలేదని నలుగురూ ఆరా తీస్తారు. నల్లబట్టల అక్కని ఎవరూ రెండోసారి చూడరు. గూఢచారికి అంతకంటే ఏం కావాలి? పైగా జరగబోయే చెడునంతా ముందే ఊహించేయడంలో నీకు సాటి లేదు. ఎంత ట్రైనింగిచ్చినా మావాళ్లకి అది రావడంలేదు. ఇల్లు కనిపెట్టుకుని ఉండు. ఇంట్లోనే శత్రువున్నాడని తేలితే నా దగ్గరకొచ్చి 'దూరం బాగానే ఉంది, దగ్గరే మసక' అను. సరేనా?"

ఆమె వేలి ఉంగరం తీసి రుమాలు కొసన ముడేసుకుంది. కూతుర్ని అత్తగారి దగ్గర దింపి, పిల్లకి దగ్గొస్తే ఏం చేయాలో, దగ్గు రాకపోతే ఏం చేయాలో చెప్పి వచ్చింది. ఆ రోజునుంచి ఆమె అక్కయ్య.

*

స్టూడియో పై అంతస్తులో, సగం కప్పు గాజుది. గోడకి మేడమెట్లూ పూలకుండీలూ గీసిన తెర. దాని ముందు కుర్చీ, కుర్చీ వెనక కూర్చున్నవాళ్ల తల కదలకుండా పట్టి ఉంచే ఇనుప కొంకి. ఓ మూల డార్క్‌రూమ్. దళసరి చెక్కతలుపు, దానికి బయట గడియ, కిటికీ లేదు, లోపల ఎర్ర దీపం, గాజు ప్లేట్లు కడిగే హైపో వాసన. వెనకవైపు రెండు గదులూ వంటిల్లూ.

ఫ్లాష్ వచ్చింది. అక్కయ్య మనసులో ఆవిడకి మొదటిరోజే 'పెళ్లికూతురు' అని పేరు పెట్టేసింది. మనిషి బాణంలా ఉంది. నడిస్తే నేలకి నొప్పి పుడుతుందేమో అన్నట్టు నడుస్తుంది. భుజం మీద చిలకపచ్చ పట్టు శాలువా, అంచున కుచ్చులు. మిషన్ ఖర్చు కింద ఆ శాలువా కొన్నది ఫొటోగ్రాఫరే. రంగు కూడా తనే ఎంచాడట. పెళ్లై ఇన్నేళ్లలో అక్కయ్యకి ఆయన కొన్నవన్నీ మట్టిరంగు నూలుబట్టలు. ఎందుకంటే మురికి కనిపించదట.

"వదినా, ఈయనకి కాఫీలో పంచదార ఎంత వేస్తారు?" అని పెళ్లికూతురు తీయగా అడిగింది.

"ఈయన" అన్న మాట అక్కయ్య చెవిలో మరిగిన నూనెలా పడింది.

"మా తమ్ముడు పంచదార వేసుకోడమ్మాయ్," అంది. నిజానికి ఆయన మూడు చెంచాలు వేసుకుంటాడు. ఆ చేదు కాఫీని ఆయన వారం రోజులు నోరెత్తకుండా తాగాడు.

ఆడబిడ్డ అర్ధమొగుడని సామెత. అక్కయ్య ఆ హక్కంతా వాడుకుంది. పక్క దులిపిన తీరు బాగాలేదంది, గిన్నెకి మసి వదల్లేదంది, కొత్తకోడలు అద్దం ముందు నిలబడ్డంతసేపు పొయ్యి ముందు నిలబడితే కొంప బాగుపడేదంది. కింద వాటాలోని ఇంటావిడ ఇవన్నీ విని "అబ్బ, అచ్చం నిజం ఆడపడుచే" అని మురిసిపోయింది. కవర్ అంత గట్టిగా కుదిరింది. అర్ధమొగుడు సరే, ఆ మిగతా సగం కూడా నాదేనే అని అరవాలనుండేది అక్కయ్యకి. ఒక్క "ఒరేయ్" మాత్రం నోటికి రాలేదు. "ఒ..." అని మొదలెట్టి దగ్గులోకి దింపేసేది.

దొరసానులు వరస కట్టారు, లైసెన్సూ వచ్చింది. గవర్నర్ చెల్లెలు వచ్చి, ఫొటోగ్రాఫర్నీ పెళ్లికూతుర్నీ చూసి ఏదో అంది.

"మా జంట చాలా బాగుందంటున్నారు, వదినా," అని తర్జుమా చేసింది పెళ్లికూతురు. ఎవరూ అడక్కుండానే.

ఇదంతా ఓర్చుకోవచ్చు. ఓర్చుకోలేనిది ఇంకొకటుంది.

ఫొటోగ్రాఫర్ ఒకప్పుడు దొరల జైల్లో ఉన్నాడు, వేరే పేరుతో. కిటికీ లేని గదిలో పడేసి, బయట గడియ వేసి, నెలల తరబడి అలాగే ఉంచారు. వదిలాక ఇంటికొచ్చిన పూట ఆయన అన్నం తినలేదు. స్క్రూడ్రైవర్ తీసుకుని ఇంట్లో తలుపులన్నిటి గడియలూ ఊడదీశాడు. ఆనాటినుంచి మూసిన తలుపు వెనక ఆయనకి ఊపిరాడదు. పక్కింటివాళ్లు అడిగితే ఆమె చెదలు పట్టిందని చెప్పింది. ఈ సంగతి సంఘానికి తెలిస్తే ఆయన్ని ఫీల్డ్ పనినుంచి తీసేసి మూల కూర్చోబెడతారు. మూల కూర్చోబెడితే ఆ మనిషి బతకడు. "ఇది మన ఇద్దరి మధ్యే," అన్నాడు. పిల్ల మీద ఒట్టు పెట్టుకున్నారు. డార్క్‌రూమ్ పని తనమీద వేసుకుందామని, ఆమె రహస్యంగా ప్లేట్లు కడగడం కూడా నేర్చుకుంది.

తీరా స్టూడియో తెరిచిన పొద్దున్నే పెళ్లికూతురు చేతులు పైకి మడిచి, ఫొటోగ్రాఫర్ వైపు మెత్తగా నవ్వింది.

"డార్క్‌రూమ్ నాకొదిలేయండి. మీరు లోపలికి రావద్దు. తలుపేసుకుని నేనే చూసుకుంటాను."

పుండు మీద ఊదినట్టుంది ఆ నవ్వు. మధ్యాహ్నం భోజనమయ్యాక ఆయన నడుం వాల్చితే, ఆ గది తలుపు గాలికి మూసుకోకుండా ఇస్త్రీపెట్టె అడ్డం పెట్టింది. అక్కయ్య ఆ ఇస్త్రీపెట్టె వైపు చూస్తూ నిలబడిపోయింది. తెరిచిన తలుపు చూసి ఏ పెళ్లామైనా నిశ్చింతగా ఉండాలి. ఆమెకేమో ఆ పెట్టెని కాలితో తన్నేయాలనిపించింది.

చెప్పేశాడు. పిల్ల మీద ఒట్టేసి మరీ దాచిన సంగతిని చిలకపచ్చ శాలువాకి చెప్పేశాడు. చెయ్యి పట్టుకుంటే పట్టుకున్నాడనుకుందును. మనసు విప్పేశాక ఇంక మిగిలిందేముంది?

అడగాలంటే అభిమానం అడ్డొచ్చింది. మాట్లాడ్డం తగ్గించింది. ఆయనా తగ్గించాడు. అడిగినదానికి ముక్తసరిగా జవాబు, ముఖం పక్కకి. అదే రుజువు అనుకుంది.

ఆగలేక ఒకరోజు బజారుకెళ్లే వంకతో కళ్లజోళ్ల దుకాణం మెట్లెక్కింది.

"పెళ్లి... ఆ ఫ్లాష్ నమ్మదగ్గ మనిషేనాండీ?"

కళ్లజోళ్లాయన అద్దం తుడుస్తూ ఆగాడు. "ఏం చూశావు?"

చూసింది చెప్పాలంటే తలుపు సంగతి చెప్పాలి. తలుపు సంగతి చెబితే మొగుడి పని పోతుంది.

"ఊరికే. అనుమానం."

"అనుమానమా, అసూయా?"

"రెండూనండీ."

"నీ కంటికొచ్చిన జబ్బుకి నా దగ్గర అద్దం లేదమ్మా," అన్నాడాయన జాలిగా. "రేపు మధ్యాహ్నం పెద్దాయన వస్తాడు. ధాన్యం వర్తకుడి వేషం, పెట్టుడు గడ్డం. ఫొటో తీయడం, ప్లేటు ఆయన చేతికివ్వడం, పంపించేయడం. కడగడం, పాస్‌పోర్టు మీద అంటించడం హార్బర్ దగ్గర మనవాళ్లు చూసుకుంటారు. ఇంకొక్కరోజు ఓపిక పట్టు."

*

మర్నాడు మబ్బు పట్టింది. పెళ్లికూతురు డార్క్‌రూమ్‌లో తలుపేసుకుని ఏదో సర్దుకుంటోంది. ఫొటోగ్రాఫర్ కుర్చీ వెనక కొంకి బిగిస్తున్నాడు. అక్కయ్య ప్లేట్లు కడిగిన నీళ్ల బకెట్ పక్కన పెట్టి తెర మీద దుమ్ము దులుపుతోంది. దుమ్ము ఎప్పుడో పోయింది, తెరమీది పూలకుండీ కూడా పోయేలా ఉంది.

"అది తెర. పాపం, దాన్నేం చేయకు," అన్నాడు ఆయన నెమ్మదిగా.

"నన్నేమీ అనకండి. అనాల్సినవన్నీ అక్కడ అనేశారుగా. తలుపు సంగతితో సహా."

ఆయన చేతిలో మర ఆగిపోయింది.

"నేను చెప్పానా?"

"మరి నేనా?"

"నువ్వే కదా!" ఆయన కొంకి వదిలేసి ఇటు తిరిగాడు. "మొదటి పొద్దునే అర్థమైంది నాకు. అక్క వేషం వేయించారని కోపం. ఆ కోపంలో చెప్పేశావు. సరేలే, దానికెంత కష్టంగా ఉంటే చెప్పిందో అని మింగి ఊరుకున్నాను. నీ ముఖం చూస్తే అడిగేస్తానేమోనని..."

"మీరు చెప్పారని నేను మూతి ముడుచుకుంటే, నేను చెప్పానని మీరా!"

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. అన్ని రోజుల్లో అదే మొదటిసారి.

"పిల్ల మీద ఒట్టు?" అందామె.

"పిల్ల మీద ఒట్టు."

"మరి ఆవిడకెవరు చెప్పారు?"

ఫొటోగ్రాఫర్ డార్క్‌రూమ్ తలుపు వైపు చూశాడు. గుసగుసగా అన్నాడు. "మనిద్దరం కాక ఆ సంగతి తెలిసినవాళ్లు ఒక్కచోటే ఉన్నారు. ఆ గడియ బయటినుంచి వేసినవాళ్లు."

మూడో గది. దొరల రహస్య పోలీసు విభాగానికి జనం పెట్టుకున్న పేరది. దాని పేరెత్తితే పాలవాడు కూడా పాలు ఒలకబోసుకునేవాడు. పెళ్లికూతురు వాళ్ల మనిషి. డబుల్ ఏజెంట్.

కింద గంట మోగింది. పెద్దాయన వచ్చేశాడు.

ఫొటోగ్రాఫర్ కిటికీ రెప్ప కొంచెం జరిపాడు. ఎదురు అరుగు మీద ఫెల్ట్ టోపీలవాళ్లు ఇద్దరు, చేతిలో పేపర్లు, కళ్లు మాత్రం ఈ గుమ్మం మీద.

"పట్టుకోవాలంటే మెట్ల దగ్గరే పట్టుకునేవాళ్లు," అన్నాడు. "పట్టుకుంటే కోర్టు, కోర్టంటే పెద్దాయన మాట్లాడతాడు, దేశం లేస్తుంది. వాళ్లకి కావలసింది ప్రమాదం. పాపం, ఫొటో తీయించుకుంటూ పోయాడట అని ఊరంతా అయ్యో అనుకోవాలి. వెనక్కి పంపితే వీధిలో వాళ్లున్నారు. ఇక్కడ ఏం చేయబోతోందో తెలియాలి. ఊహించు."

"నేనా?"

"నువ్వే. నీకు చేతనైనంత ఘోరంగా ఊహించు."

పెళ్లైన దగ్గర్నుంచి పిచ్చి ఊహలు మానెయ్ అన్న మనిషి! అక్కయ్య కర్టెన్ పక్కన నిలబడి కళ్లు చికిలించింది. మంచినీళ్లలో విషమా? నీళ్లు తనే తెచ్చిపెట్టింది. టోపీలో పిస్తోలా? చప్పుడైతే ప్రమాదమని ఎవరూ అనుకోరు. సూదా? గాజుకప్పు కూలడమా? ఆమె బుర్ర చావుల బజారులా తయారైంది. ఏదీ కుదరడంలేదు.

పెద్దాయన మెట్లెక్కి వచ్చాడు. పొట్టి మనిషి, పల్చటి భుజాలు, బండెడు గడ్డం. పెళ్లికూతురు డార్క్‌రూమ్‌లోంచి నవ్వుతూ వచ్చి కూర్చోబెట్టి, తలని కొంకికి ఆనించింది. ఫొటోగ్రాఫర్ నల్లగుడ్డలో తలదూర్చాడు. గాజుకప్పు వెలుతురులోనే మొదటి ప్లేటు అయిపోయింది. ఏమీ కాలేదు.

"ఇది మసకొస్తుందండీ," అంది పెళ్లికూతురు. "మబ్బు కదా. ఇంకొకటి ఫ్లాష్‌తో తీసేయండి. పొడి నేనే వేసి ఉంచాను."

పిడి ఉన్న రేకుపళ్లెం ఆయన చేతికిచ్చింది. అందులో బూడిదరంగు పొడి. మీట నొక్కితే నిప్పురవ్వ, నిప్పురవ్వకి పొడి భగ్గుమని వెలుగు. ప్రతి స్టూడియోలోనూ ఉండేదే. పెళ్లికూతురు నాలుగడుగులు వెనక్కి వేసి డార్క్‌రూమ్ గుమ్మంలో నిలబడింది.

అక్కయ్య కళ్లు అలవాటుగా కుర్చీ పక్కన గోడమేకు మీదికి పోయాయి. ఆ చిలకపచ్చ శాలువా రోజూ వేలాడేది అక్కడే. రోజూ అక్కయ్య దాన్నే చూసి ఏడ్చేది.

మేకు ఖాళీ.

వెతికింది. పెళ్లికూతురు భుజం పక్కనుంచి డార్క్‌రూమ్ అలమర కనిపించింది. దానిమీద మడత పెట్టిన శాలువా, పైన ముసుగు టోపీ. హైపో వాసన పడుతుందని ఆ గుమ్మం ఛాయలకి కూడా రానివ్వని శాలువా, ఇవాళ హైపో సీసాల మధ్య! అంటే ఈ గదిలో దానికి ఇంకా పెద్ద గండం ఉంది. కంపు కంటే పెద్ద గండం. పట్టుని కాల్చేది. దళసరి తలుపు వెనక ఉంటేనే తప్పించుకోగలిగేది.

కాదంటే ఆవిడకి అనుమానమొస్తుంది. ఫొటోగ్రాఫర్ అక్కయ్య వైపు ఒక చూపు చూసి, వీలైనంత నెమ్మదిగా పళ్లెం పైకెత్తాడు. బొటనవేలు మీట మీద పడింది.

"ఒరేయ్!"

ఆ మాట గాజుకప్పు దాకా ఎగిరింది. ఫొటోగ్రాఫర్ నిశ్చేష్టుడైపోయాడు. తను బకెట్ ఎత్తింది ఎప్పుడో అక్కయ్యకే తెలియదు. పళ్లెం, పొడి, మొగుడు, దేశనాయకుడు అందరూ కలిసి నిలువునా తడిసిపోయారు. వేలు జారి మీట టక్కుమంది. నిప్పురవ్వ బురదలో పడి చుయ్యిమని ఆరిపోయింది.

పెళ్లికూతురు చటుక్కున డార్క్‌రూమ్‌లోకి దూరింది. అక్కయ్య ఒక్క దూకులో తలుపు లాగి గడియ వేసింది.

పెద్దాయన గడ్డం ఒక చెవికి వేలాడుతోంది. "అమ్మా," అన్నాడు నీళ్లు ఊదుకుంటూ, "ఇది ఫొటో స్టూడియోనా, చాకిరేవా?"

ఫొటోగ్రాఫర్ పళ్లెంలో ముద్ద వాసన చూశాడు. "మెగ్నీషియం ఒక్కటే కాదు. కొండరాళ్లు పేల్చే మందు కలిపింది. ఈ మేడ సగం లేచిపోయేది." అని తిరిగి గడియ వైపు చూశాడు. పళ్లెం గబుక్కున కింద పెట్టేశాడు. "దాన్ని... గడియ తీయి. చేతులు కట్టెయ్, కాళ్లు కట్టెయ్, నోరు కట్టెయ్. గడియ మాత్రం వద్దు."

"ఇంకా ఆవిడ మీద జాలేనా మీకు!"

అన్నా, తీసింది. పెళ్లికూతురు కిమ్మనకుండా చేతులు చాపింది. అరిస్తే ఎదుటి అరుగు మీదివాళ్లు పైకొస్తారు. ఓడిపోయిన ఏజెంటుని మూడో గది ఏం చేస్తుందో ఆవిడకే బాగా తెలుసు. అక్కయ్య తెరతాడుతో కాస్త ఎక్కువే బిగించింది.

"చప్పుడు కాకపోతే వాళ్లు వస్తారు," అన్నాడు ఫొటోగ్రాఫర్. "చప్పుడైతే?"

"చప్పుడైతే ఆవిడ బయటకొస్తుందని చూస్తూ ఉంటారు," అంది అక్కయ్య. ఊహించడం మొదలెడితే ఆమెకి ఆపడం రాదు. పెద్దాయన్ని ఎగాదిగా చూసింది. పొట్టి మనిషి. పల్చటి భుజాలు. "అయ్యా, ఆ గడ్డం పూర్తిగా పీకేయండి."

అలమర మీంచి శాలువా తీసింది. మొదటిసారి చేత్తో పట్టుకుని చూసింది. తీరా చూస్తే అనుకున్నంత మెత్తగా ఏమీ లేదు. పెళ్లికూతురి పొడుగు గౌనొకటి తెచ్చి పెద్దాయన తడిబట్టల మీదే తొడిగి, శాలువా కప్పింది. టోపీ పెట్టి ముసుగు లాగింది. ఫొటో ప్లేటు ఉన్న పెట్టె, ఓడ దగ్గర మళ్లీ పెట్టుకోవడానికి ఆ గడ్డం శాలువా కింద దోపింది. "నడిచేటప్పుడు నేలకి నొప్పి పుడుతుందేమో అన్నట్టు నడవండి. ఎవరైనా పలకరిస్తే రుమాలు అడ్డం పెట్టుకుని ఏడవండి."

"ఏడవడం నాకు రాదమ్మా."

"నా కాపురం తలుచుకోండి. వస్తుంది."

ఫొటోగ్రాఫర్ షెల్ఫ్ మీది మంచి పొడి డబ్బా మొత్తం ఖాళీ కుర్చీలో ఒంపి, నూనెగుడ్డ వత్తి వేసి ముట్టించాడు. అందరూ గోడ చాటుకి జరిగారు. ధడేల్! గాజుకప్పు ముక్కలై వీధిలో రాలింది. తెరమీది మేడమెట్లు అంటుకున్నాయి. తెల్లటి పొగ కిటికీల్లోంచి దొర్లుకుంటూ పోయింది.

ఆ పొగలోంచి చిలకపచ్చ శాలువా ఒకటి దగ్గుతూ, ఏడుస్తూ మెట్లు దిగింది. ఎదుటి అరుగు మీది ఫెల్ట్ టోపీలు రెండూ మర్యాదగా పైకి లేచాయి. అందులో ఒకడైతే స్వయంగా పరిగెత్తి గుర్రబ్బండి పిలిచి, మోచెయ్యి పట్టుకుని ఎక్కించి, రుమాలు ఊగిన వైపు చూసి హార్బరుకి పోనివ్వమన్నాడు. కిరాయి కూడా తనే ఇచ్చాడు. ఆ కిరాయి మూడో గది లెక్కల్లో ఏ పద్దు కింద రాసుకున్నారో!

*

ధడేల్ చప్పుడు విన్న కళ్లజోళ్లాయన, ఫైరింజన్ గంట వినిపించేలోపే వెనక మెట్ల దగ్గరికి బండి తెచ్చాడు. గడ్డి పరిచి అద్దాల పెట్టెలు పేర్చిన మూత బండి. పెళ్లికూతుర్ని గడ్డిలో కూర్చోబెట్టారు. మూడో గది చెరలో ఉన్న మనవాళ్లని విడిపించడానికి ఆవిడని మార్పిడి చేస్తారట. ఫొటోగ్రాఫర్ మూత కిందకి రాలేక ముందు బల్ల మీద, ఛీఫ్ పక్కన కూర్చున్నాడు.

"ఎలా కనిపెట్టావు?" అని ఛీఫ్ వెనక్కి తిరిగి అడిగాడు.

ఫొటోగ్రాఫర్ భుజాలు బిగుసుకున్నాయి.

"నా కంటి జబ్బేనండీ," అంది ఆమె. రుమాలు ముడి విప్పి ఉంగరం వేలికి తొడుక్కుంది. ఆయన భుజాలు వదులయ్యాయి.

బండి కదిలింది. పొద్దు వాలేదాకా గిడ్డంగుల చాటున ఆగి, వంతెన దాటింది. హార్బర్ వైపునుంచి ఓడ కూత వినిపించింది. పెద్దాయన ఎక్కేశాడు. దేశం గట్టెక్కింది. ఆమె మాత్రం గట్టెక్కలేదు. పెళ్లికూతురి నోటికి కట్టిన గుడ్డ విప్పింది.

"ఒక్క మాటడుగుతా. నిజం చెప్పు. అబద్ధం నీ ఉద్యోగమని తెలుసులే. అయినా అడుగుతున్నా. ఇన్నాళ్లూ ఒకే కప్పు కింద ఉన్నారు, మొగుడూ పెళ్లాల్లాగా. ఆయనకి నీమీద... ఎప్పుడైనా, ఒక్కపూటైనా..."

పెళ్లికూతురు గడ్డిపరకల వైపు చూస్తూ కూర్చుంది.

జవాబు లేకపోవడమంటే జవాబే అనుకుందామె. ఏదో జరిగింది. జరిగింది కాబట్టే చెప్పలేకపోతోంది. ఎక్కడ జరిగింది? వంటింట్లోనా? తను బజారుకెళ్లిన రోజా? ఆ రోజు ఎందుకెళ్లాను? బండి టోల్‌గేటు దాటింది. ఊరు వెనకబడింది. ముందు బల్ల మీద మొగుడి వీపు, కళ్లజోళ్లాయన వీపు ఒకే లయలో ఊగుతున్నాయి. ఆమె అడిగిన మాట వెనక్కి తీసుకుందామా అనుకుంది. నోటికి మళ్లీ గుడ్డ కట్టేద్దామా అనుకుంది. కట్టడానికి గుడ్డ మడత కూడా పెట్టింది.

"వదినా," అంది పెళ్లికూతురు చివరికి, తల ఎత్తకుండానే. "నీతో మాట్లాడేవాడు కాదు కదా. అందుకని నన్ను పట్టుకునేవాడు. అన్నానికి కూర్చుంటే అక్కయ్య తిన్నదా అంటాడు. వాన పడితే అక్కయ్య తడిసిందా అంటాడు. నేను ఆ శాలువా కప్పుకుని ఎదురుగా నిలబడితే, ఈ రంగు అక్కయ్యకి నప్పుతుందంటావా అని నన్నే అడిగాడు. నా సర్వీసులో ఎంతోమందికి పెళ్లాంగా వేశాను, ఇంత అవమానం ఎక్కడా పడలేదు. ఆ పొడిలో మందు మూడు చెంచాలు చాలన్నారు మావాళ్లు. ఐదు వేశాను. ఆ పై రెండూ కర్టెన్ పక్కన నిలబడే నీకోసం."